మోకాలి నాడి పట్టిన మెక్‌మరే

థామస్ పోర్టర్ మెక్‌మరే అనే పేరు మీలో చాలామంది విని ఉండరు. కానీ ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు మెలిపడి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు మన బడిలో ఏటా ఇద్దరో ముగ్గురో ఉంటూనే ఉంటారు. ఆ డాక్టరు మిమ్మల్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు పూర్తిగా మడిచి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, రెండో చేత్తో పాదం పట్టుకుని కాస్త తిప్పి, మెల్లగా కాలు చాపి ఉంటారు. ఆ కాసేపట్లో ఆయన చేసింది మెక్‌మరే పరీక్ష. కలకత్తాలోనైనా, విశాఖపట్నంలోనైనా, మీ నాన్నగారికి రేపు బదిలీ అయ్యే ఊళ్ళోనైనా ఈ పరీక్ష ఒకే రకంగా ఉంటుంది. దాన్ని కనిపెట్టిన మనిషి కన్నుమూసి 75 ఏళ్ళు దాటింది.

ఆయన 1887లో ఐర్లండ్‌లోని బెల్ఫాస్ట్‌లో పుట్టాడు. ఓడలు కట్టే ఊరు అది. టైటానిక్ తయారైంది కూడా అక్కడే. ఆ ఊళ్ళోనే బడి, ఆ ఊళ్ళోనే క్వీన్స్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్య. 1910లో పట్టా చేతికి రాగానే సముద్రం దాటి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ చేరాడు. రాత్రి ఓడెక్కితే తెల్లారేసరికి దిగే దూరం. మూడేళ్ళకో ఊరు మారే మనకు ఇది ప్రయాణం కిందే లెక్క కాదు. అయితే ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ బదిలీ ఈ ఒక్కటే. యుద్ధకాలం మినహాయిస్తే మిగిలిన జీవితమంతా లివర్‌పూల్లోనే గడిచింది. లివర్‌పూల్‌నే ఎందుకు ఎంచుకున్నాడో అర్థం కావాలంటే ఆ ఊరి కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. ఆ కథ మన తెలుగువాళ్ళకు కొత్తగా అనిపించదు.

తిరుపతి దగ్గరి పుత్తూరు పేరు మీ ఇళ్ళల్లో వినే ఉంటారు. ఎముక విరిగితే చాలు, తెలుగునాట నాలుగు మూలల నుంచీ, అటు తమిళనాడు నుంచీ జనం పుత్తూరు కట్టు కోసం వెళతారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలు. తాతల నుంచి మనవలకు చేతి మీదుగా వచ్చిన విద్య. సరిగ్గా ఇలాంటి కుటుంబమే వేల్స్ పక్కనున్న ఆంగిల్సీ అనే దీవిలో ఒకటుండేది. 1740ల ప్రాంతంలో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక పిల్లవాడితో ఆ వంశం మొదలైందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఎముకలు సరిచేయడంలో ఆ పిల్లవాడి చేతివాటం చూసి ఊరంతా ఆశ్చర్యపోయిందట. ఆ వంశంలోని ఎవాన్ థామస్ అనే ఆయన లివర్‌పూల్‌కు వచ్చి ఓడరేవు కూలీలకు కట్లు కట్టేవాడు. చదువుకున్న డాక్టర్లకు అది గిట్టలేదు. కోర్టుకు లాగారు. ఆయన చేసిన పని చూడండి. వాళ్ళతో వాదులాడుతూ కూచోలేదు, తన అయిదుగురు కొడుకులనూ డాక్టరీ చదివించాడు.

ఆ అయిదుగురిలో పెద్దవాడు హ్యూ ఓవెన్ థామస్. పట్టా ఉన్న డాక్టరు, రక్తంలో కట్లు కట్టేవాడు. ఏ ఆసుపత్రిలోనూ ఉద్యోగం చేయలేదు. నెల్సన్ వీధిలో 11వ నంబరు ఇంట్లోనే వైద్యం చేసేవాడు. ఆదివారాలు పేదలకు ఉచితం. విరిగిన కాలు కదలకుండా పట్టి ఉంచే ఇనుప చట్రం ఒకటి ఆయన తయారు చేశాడు. ఇప్పటికీ దాన్ని థామస్ స్ప్లింట్ అనే అంటారు. ఆయన భార్యకు మేనల్లుడి వరస రాబర్ట్ జోన్స్, ఆ ఇంట్లోనే ఉంటూ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. మాంచెస్టర్ నుంచి సముద్రం దాకా 58 కిలోమీటర్ల ఓడల కాలువ తవ్వినప్పుడు, వేలాది కూలీలకు తగిలే దెబ్బల కోసం కాలువ పొడుగునా ఆసుపత్రులూ ప్రథమ చికిత్స కేంద్రాలూ ఏర్పాటు చేయించినవాడు ఈ జోన్సే. ఎక్స్‌రేలు కనిపెట్టిన కొద్ది నెలలకే, 1896 ఫిబ్రవరిలో, ఒక అబ్బాయి మణికట్టులో ఇరుక్కున్న తూటాను ఎక్స్‌రే తీయించి చూసినవాడూ ఈయనే.

మెక్‌మరే వచ్చి చేరింది ఈ జోన్స్ దగ్గరికి. అంటే, దీవిలో కట్లు కట్టిన కుటుంబం చేతివిద్యకు విశ్వవిద్యాలయపు చదువు తోడైన చోటికి. ఎముకల వైద్యానికి విడిగా ఒక శాఖ ఉండాలన్న ఆలోచనే అప్పటికి చాలామందికి లేదు. విరిగిన కాళ్ళూ చేతులూ మామూలు సర్జన్లు మిగతా పనుల మధ్య చూసేవాళ్ళు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మెక్‌మరే సైనిక వైద్యుడిగా ఫ్రాన్స్ వెళ్ళాడు. ఆ తర్వాత జోన్స్ లివర్‌పూల్లోని ఆల్డర్ హేలో గాయపడ్డ సైనికుల కోసం ప్రత్యేక ఎముకల ఆసుపత్రి నెలకొల్పితే అక్కడ పనిచేశాడు. యుద్ధం మొదట్లో తొడ ఎముకకు తూటా దెబ్బ తగిలిన సైనికుల్లో నూటికి 80 మంది దాకా చనిపోయేవారని వైద్య చరిత్రకారులు రాశారు. పాత థామస్ స్ప్లింటును యుద్ధభూమిలోనే వేయడం మొదలుపెట్టాక 1917 నాటికి ఆ సంఖ్య 20కి దిగువకు పడిపోయింది. మీలో సైనికోద్యోగుల పిల్లలుంటే ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ సంగతి చెప్పండి. కొత్త మందేదీ లేదు, ఎముకను కదలనివ్వకపోవడం ఒక్కటే. యువకుడైన మెక్‌మరే ఇవన్నీ దగ్గరుండి చూశాడు. ఒకటీ రెండూ కాదు, వందలాది కాళ్ళు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి.

ఇక మోకాలి దగ్గరికి వద్దాం. ఈ వ్యాసంలో అసలు సంగతి అదే.

మోకాళ్ళ నొప్పుల గురించి మన అమ్మమ్మలు మాట్లాడుకునేటప్పుడు గుజ్జు అరిగిపోయిందంటారు. ఆ మాట పూర్తిగా తప్పేం కాదు. కాకపోతే మోకాలి కీలులో ఆ గుజ్జు రెండు రకాలు. ఎముకల చివర్లకు తెల్లగా, నున్నగా అంటుకుని ఉండే మృదులాస్థి పొర ఒకటి. పైన తొడ ఎముకకూ కింద కాలి ఎముకకూ మధ్య మెత్తల్లాగా ఉండే రెండు ముక్కలు వేరు. ఈ మెత్తలు పైనుంచి చూస్తే నెలవంకల్లా ఉంటాయి. లోపలి వైపుది విప్పారిన నెలవంక. బయటి వైపుది దాదాపు గుండ్రంగా ముడుచుకున్న నెలవంక. అందుకే పాతకాలపు డాక్టర్లు వీటిని అర్ధచంద్రాకారపు మృదులాస్థులు అనేవాళ్ళు. ఇప్పటి పేరు మెనిస్కస్. గ్రీకులో ఆ మాటకు కూడా చిన్న చందమామ అనే అర్థం. పదకొండో తరగతి పిల్లలు కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్ చదివేటప్పుడు చూసే మెనిస్కస్ ఇదే మాట. నీటి ఉపరితలం నెలవంకలా వంగి ఉంటుంది కనక దానికా పేరు వచ్చింది. నేను చెప్పేది తెలుగే అయినా ఒక్కోసారి ఇలా పక్క క్లాసులోకి తొంగిచూడక తప్పదు.

తొడ ఎముక అడుగు గుండ్రంగా ఉంటుంది, కాలి ఎముక పైభాగం చదునుగా ఉంటుంది. గుండ్రటిది చదునైనదాని మీద కూచుంటే ఒకే చోట బరువు పడుతుంది. ఈ నెలవంకలు మధ్యలో చేరి బరువును పరుస్తాయి. నిలబడ్డప్పుడు మోకాలి మీద పడే బరువులో దాదాపు సగం వీటి మీదుగానే వెళుతుంది. పరుగెత్తేటప్పుడు అదురు మింగేదీ ఇవే. కాలు చాపి ఉన్నప్పుడు వీటికి పెద్దగా ప్రమాదం లేదు. మోకాలు కాస్త వంగి, పాదం నేలకు గట్టిగా ఆని, ఒంటి బరువంతా ఆ కాలి మీదే ఉండగా ఒళ్ళు గిర్రున తిరిగితే, రెండు ఎముకల మధ్య నెలవంక నలిగి చీలుతుంది. లోపలి నెలవంక చుట్టూ ఉన్న పొరకు గట్టిగా అంటుకుని ఉంటుంది, తప్పుకోలేదు. కాబట్టి ఎక్కువగా చీలేది అదే.

ఇది ఫుట్‌బాల్ ఆటగాళ్ళ జబ్బు, గని కార్మికుల జబ్బు. ఇరుకు బొగ్గు పొరల్లో గంటల తరబడి గొంతుకూచుని, అలాగే పక్కకు తిరుగుతూ పార విసిరే మనిషి మోకాలిని తలుచుకోండి. 1883లో ఎడిన్‌బరోలో థామస్ అనండేల్ అనే సర్జన్ చీలిన నెలవంకకు మొదటిసారి కుట్టు వేసింది ఒక బొగ్గు గని కార్మికుడికే. లివర్‌పూల్ చుట్టుపక్కల లంకాషైర్ అంతా బొగ్గు గనులు, ఊరి నిండా రేవు కూలీలు, వీధివీధికీ ఫుట్‌బాల్. మెక్‌మరే దగ్గరికి వచ్చేవాళ్ళంతా వీళ్ళే. కాలు బాగుంటేనే కూలి దొరికే మనుషులు.

ఇప్పుడు ఆయన ముందున్న చిక్కు చూడండి. కుర్రాడొకడు కుంటుతూ వస్తాడు. మోకాలు వాచింది. ఎక్స్‌రే తీస్తే ఎముకలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, ఎందుకంటే నెలవంకలు ఎక్స్‌రేలో కనిపించవు. ఎమ్మారై లాంటివి రావడానికి ఇంకా అరవై ఏళ్ళు పడుతుంది. ఉత్త బెణుకైతే నాలుగు వారాల విశ్రాంతితో తగ్గుతుంది. లోపల నెలవంక చీలి ఉంటే, ఆ రోజుల వైద్యం ప్రకారం మోకాలు కోసి తీసేయాల్సిందే. సరే, అనుమానం ఉన్నవాళ్ళందరివీ కోసి చూడొచ్చుగా అనకండి. పెన్సిలిన్ ఇంకా రాలేదు. కోసిన మోకాలి కీలులోకి చీము పట్టిందంటే కాలు బిగుసుకుపోవచ్చు, కాలే తీసేయాల్సి రావచ్చు, ప్రాణమే పోవచ్చు. కోయకపోతేనో, చీలిన ముక్క ఎప్పుడో ఒకప్పుడు కీలు మధ్య ఇరుక్కుని, మనిషి నడుస్తూ నడుస్తూ కాలు చాపలేక అక్కడే కూలబడతాడు. నిచ్చెన మీద ఉన్నప్పుడో, గనిలో ఉన్నప్పుడో అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కోయాలా వద్దా తేల్చాల్సింది కళ్ళకు కనిపించని దాని గురించి. ఆధారం చేతివేళ్ళు మాత్రమే.

ముందుగా ఆయన రోగి చెప్పేది వినేవాడు. మంచి డాక్టర్లు అందరూ అదే చేస్తారు. దెబ్బ తగిలిన క్షణంలో పాదం ఎటుంది, ఒళ్ళు ఎటు తిరిగింది, ఆట ఆపేశాడా ఆడుతూనే ఉన్నాడా, వాపు వెంటనే వచ్చిందా మర్నాటికి వచ్చిందా. ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పనికొచ్చేది. దెబ్బ తగిలిన గంటా రెండు గంటల్లోనే మోకాలు బుడగలా ఉబ్బితే లోపల రక్తం కారిందని, ఏ బంధనమో తెగి ఉండొచ్చని అనుమానం. రాత్రికి పడుకుని పొద్దున లేచేసరికి వాచి ఉంటే నెలవంక మీదికి అనుమానం పోతుంది. తర్వాత రెండు తొడలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మోకాలు కొన్ని వారాలుగా బాధపెడుతూ ఉంటే ఆ వైపు తొడ కండ కరిగి సన్నబడుతుంది. టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది. అప్పుడు రెండు ఎముకలు కలిసే సందు వెంట బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి. ఎక్కడ నొక్కితే మనిషి ఉలిక్కిపడతాడో అక్కడ ఆగాలి.

ఇంతవరకూ ఇతరులూ చేసేదే. మెక్‌మరే కలిపిన మెట్టు తర్వాతది. చీలిన నెలవంక ఊరికే ఉన్నప్పుడు పట్టుబడదు, ఎముకల మధ్య దాన్ని మళ్ళీ నలిపితేనే బయటపడుతుందని ఆయన ఆలోచన. అంటే దెబ్బ తగిలినప్పుడు జరిగిన కదలికనే, మెల్లగా, బరువు లేకుండా, తన చేతులతో మళ్ళీ జరిపించాలి. అందుకే రోగిని పడుకోబెట్టి, మడమ పిరుదుకు తగిలేంతగా మోకాలు మడుస్తాడు. ఒక చెయ్యి కీలు సందు మీద ఉంటుంది, బొటనవేలు ఒక వైపు, మిగతా వేళ్ళు రెండో వైపు. రెండో చెయ్యి పాదాన్ని పట్టుకుంటుంది. పాదాన్ని బయటికి తిప్పి కాలు మెల్లగా చాపుతూ వస్తే లోపలి నెలవంకకు పరీక్ష. పాదాన్ని లోపలికి తిప్పి చాపితే బయటి నెలవంకకు పరీక్ష. చీలిక ఉంటే తొడ ఎముక దాని మీదుగా దాటే క్షణంలో కీలు మీది వేళ్ళకు టక్కుమని ఒక అదురు తగులుతుంది, రోగికి అదే నొప్పి, రోజూ తనను వేధించే ఆ నొప్పే, మళ్ళీ వస్తుంది. ఆ టక్కు మోకాలు బాగా మడిచి ఉన్నప్పుడే వస్తే చీలిక నెలవంక వెనక భాగంలో ఉన్నట్టు. కాలు లంబకోణానికి వచ్చాక వస్తే మధ్య భాగంలో ఉన్నట్టు. అంటే చీలిక ఉందని మాత్రమే కాదు, ఎక్కడుందో కూడా వేళ్ళే చెబుతాయి. లంబకోణం దాటి కాలు ఇంకా చాపితే ఈ పరీక్షకు పెద్దగా అర్థం లేదు. ముందు భాగంలోని చీలికలు దీనికి దొరకవు.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి స్నేహితుడి మోకాలి మీద ప్రయోగం చేయొద్దు. ఇప్పటికే చీలి ఉన్న దాన్ని మొరటుగా తిప్పితే ఇంకా చీలుతుంది. మోకాలు లాక్కుపోయి చాపలేకపోతే ఆట ఆపి, ఐసు పెట్టి, పీటీ సారుకు చెప్పండి.

తన గురువు రాబర్ట్ జోన్స్ పుట్టినరోజు కానుకగా శిష్యులూ మిత్రులూ కలిసి తెచ్చిన సంపుటంలో, 1928లో, మెక్‌మరే మోకాలి లోపలి దెబ్బలను గుర్తుపట్టడం గురించి రాశాడు. ఆ తర్వాత 1942లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఈ నెలవంకల మీదే పెద్ద వ్యాసం రాశాడు. పరీక్షకు ఆయన పేరు స్థిరపడింది వీటితోనే. గురువు పుట్టినరోజుకు శాలువా, పూలదండ కాకుండా మోకాలి పరీక్ష మీద వ్యాసం కానుకగా ఇవ్వడం నాకెంతో నచ్చిన సంగతి.

ఆయన చేతివేగం గురించి లివర్‌పూల్ విద్యార్థులు కథలు కథలుగా చెప్పుకునేవారు. మోకాలు తెరిచి నెలవంక తీసేయడానికి ఆయనకు అయిదు నిమిషాలు చాలునని ప్రతీతి. మనిషి ఎంత సేపు మత్తులో ఉంటే, గాయం ఎంత సేపు తెరిచి ఉంటే అంత ప్రమాదమైన రోజుల్లో ఈ వేగానికి విలువుంది. తుంటి కీలు అరిగినవాళ్ళకు తొడ ఎముకను ఒక చోట కోసి బరువు పడే దిశను మార్చే ఆపరేషను కూడా ఒకటి ఆయన పేరుతోనే చాలా కాలం సాగింది. 1937లో పాఠ్యపుస్తకం రాశాడు. 1938లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఎముకల శస్త్రచికిత్సకు మొదటి ప్రొఫెసరయ్యాడు. బ్రిటిష్ ఆర్థోపెడిక్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగానూ పనిచేశాడు.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. ఎముకల వైద్యంలో ప్రత్యేకంగా ఎం.సి.హెచ్. ఆర్థ్ అనే పట్టాను లివర్‌పూల్ 1920లలో మొదలుపెట్టింది. జోన్స్, మెక్‌మరేలు దానికి రెండు స్తంభాలు. అలాంటి చదువు అప్పుడు ఇంకెక్కడా దొరికేది కాదు కాబట్టి ఆస్ట్రేలియా నుంచీ దక్షిణాఫ్రికా నుంచీ మన దేశం నుంచీ డాక్టర్లు ఓడలెక్కి అక్కడికి వెళ్ళేవారు. కలకత్తాలోనూ మద్రాసులోనూ పాత తరం ఎముకల డాక్టర్ల పేర్ల పక్కన బ్రాకెట్లో లివర్‌పూల్ అని ఉండేది. మన మెడికల్ కాలేజీల్లో ఎముకల విభాగాలు మొదలైంది చాలావరకు ఇలా వెళ్ళొచ్చిన వాళ్ళ చేతుల మీదుగానే. ఆంగిల్సీ దీవి చేతివాటం హుగ్లీ ఒడ్డుకు ఆ దారినే చేరింది.

ఇక్కడి మైదానంలో ఆటగాళ్ళ మోకాళ్ళ సంగతి వేరే చెప్పాలా. 1911 జులై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచినప్పుడు, జట్టులో ఒక్కరికి తప్ప ఎవరికీ కాళ్ళకు బూట్లు లేవు. వట్టి పాదం నేల మీద జారుతుంది, ఒంటితోపాటు తిరుగుతుంది. బూటు కింది మేకులు పాదాన్ని నేలకు దిగ్గొట్టేస్తాయి, ఒళ్ళు తిరిగినా పాదం తిరగదు, మధ్యలో నలిగేది మోకాలు. బూట్లు వద్దని కాదు నా ఉద్దేశం. వట్టి కాళ్ళతో ఆడి వేళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళకు లెక్కే లేదు. సికింద్రాబాద్ నుంచి వచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన మన తులసీదాస్ బలరాం కాలానికి బూట్ల ఆటే స్థిరపడిపోయింది.

1948 దగ్గర కొంచెం ఆగాలి. ఆ ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారతదేశపు ఫుట్‌బాల్ జట్టు, చాలామంది వట్టి కాళ్ళతోనే, ఫ్రాన్స్ మీద ఆడి 2-1తో ఓడింది. కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్, నాగా కొండల నుంచి కలకత్తాకు వచ్చి కార్మైకేల్ మెడికల్ కాలేజీలో డాక్టరీ చదువుతున్న విద్యార్థి. ఆ కాలేజీయే ఇప్పటి ఆర్.జి.కర్. అదే ఏడాది లివర్‌పూల్లో మెక్‌మరే ఉద్యోగ విరమణ చేశాడు. అదే ఏడాది ఫెయిర్‌బ్యాంక్ అనే ఇంకో బ్రిటిష్ సర్జను ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. నెలవంక తీసేసిన మోకాళ్ళను కొన్నేళ్ళ తర్వాత ఎక్స్‌రే తీసి చూస్తే, ఎముకల మధ్య సందు ఇరుకైపోతోందని, అంచుల్లో ఎముక పెరుగుతోందని, కీలు చదునైపోతోందని అందులో చూపించాడు. అంటే మెత్త తీసేసిన మోకాలు ముందుగానే ముసలిదవుతోంది.

మెక్‌మరే జీవితంలో నాకు అన్నిటికంటే ఆలోచన రేపేది ఇదే. చీలిన నెలవంకను సగం సగం తీయడం పెద్ద తప్పని, మొత్తం తీసేయాలని ఆయన 1942 వ్యాసంలో గట్టిగా వాదించాడు. చీలిన ముక్క ఏమాత్రం మిగిలినా మళ్ళీ ఇబ్బంది పెడుతుందని ఆయన అనుభవం. అప్పట్లో నెలవంక మోకాలికి పెద్దగా అవసరం లేని ముక్కే అనుకునేవాళ్ళు. తీసేయించుకున్న కూలీ నెలన్నరకో రెండు నెలలకో పనిలోకి వెళ్ళిపోతున్నాడు, ఆటగాడు మళ్ళీ ఆడుతున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళ మోకాళ్ళు ఏమవుతాయో చూసే ఓపికా వీలూ ఎవరికీ లేకపోయింది. ఫెయిర్‌బ్యాంక్ వ్యాసాన్ని కూడా చాలామంది వెంటనే పట్టించుకోలేదు. ఇంకో పాతికేళ్ళు నెలవంకలు తీసేస్తూనే ఉన్నారు. 1962లో టోక్యోలో మసాకీ వతనబె చిన్న గొట్టంలాంటి పరికరంతో మోకాలి లోపలికి చూస్తూ చీలిన ముక్క వరకే కత్తిరించాక దారి మెల్లగా మారింది. ఇప్పుడు కుట్టగలిగితే కుడతారు. నెలవంక బయటి అంచుకు రక్తం అందుతుంది కనుక అక్కడి చీలిక అతుకుతుంది. లోపలి అంచుకు రక్తం అందదు, అక్కడ అతకదు, కాబట్టి పాడైన మేరకే తీస్తారు. మొత్తం తీసేయడం ఇప్పుడు చివరి మార్గం. మెక్‌మరే చెప్పిన వైద్యం పోయింది, ఆయన చెప్పిన పరీక్ష ఉంది. వ్యాధిని కనిపెట్టడంలో అంత సూక్ష్మంగా ఉన్న మనిషి దాని వైద్యంలో అంత నిక్కచ్చిగా మొత్తం కోసేయమన్నాడంటే, ఆయన్ని గొప్పవాడనాలా పొరపడ్డాడనాలా అని మీరు అడగొచ్చు. ఆయన దగ్గర ఉన్న ఆధారాలతో, ఎదురుగా కుంటుతున్న మనిషికి రేపు కూలి దొరకాలన్న తొందరలో ఆయన ఆ మాటన్నాడని నేను అనుకుంటాను. అంతమాత్రాన నలభై ఏళ్ళకే మోకాలు అరిగిపోయిన ఆటగాళ్ళ బాధ తక్కువైపోదు.

ఫెయిర్‌బ్యాంక్ వ్యాసం వచ్చిన మరుసటి ఏడాదే, 1949 నవంబరులో, దక్షిణాఫ్రికా ప్రయాణానికి బయలుదేరిన మెక్‌మరే ఇంగ్లండ్ దాటక ముందే కన్నుమూశాడు. అరవై రెండేళ్ళు నిండడానికి ఇంకా కొద్ది రోజులుంది.

పరీక్ష మాత్రం అన్ని వేళలా నిజమే చెబుతుందనుకోకండి. టక్కుమనకపోయినా చీలిక ఉండొచ్చు. చీలిక లేకుండానే కొన్ని మోకాళ్ళు మామూలుగా టక్కుమంటాయి, నొప్పి లేని టక్కుకు భయపడక్కర్లేదు. దెబ్బ కొత్తగా ఉండి మోకాలు బాగా వాచి ఉంటే అసలు పూర్తిగా మడవడమే కుదరదు, వాపు తగ్గాక మళ్ళీ చూడాలి. అందుకే డాక్టర్లు దీని ఒక్కదాని మీదే ఆధారపడరు. రోగి చెప్పిన కథ, సందు వెంట నొప్పి, ఈ పరీక్ష, 1947లో అప్లే అనే ఆయన చెప్పిన బోర్లా పడుకోబెట్టి పాదం నొక్కి తిప్పే పరీక్ష, అన్నీ ఒకే వైపు వేలు చూపిస్తే అప్పుడు నమ్ముతారు. అవసరమనిపిస్తే ఎమ్మారై తీయిస్తారు. ఎమ్మారై వేల రూపాయల పని, అన్ని ఊళ్ళలో ఉండదు. మన పిల్లలు కొందరు చదివిన మారుమూల స్టేషన్లలో దగ్గరి ఎమ్మారై ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉండేది. అలాంటి చోట రైలెక్కాలా వద్దా తేల్చేది ఇప్పటికీ డాక్టరు వేళ్ళే.

మెడికల్ కాలేజీలో చేరిన పూర్వ విద్యార్థి ఒకరు మొన్న నాకు చెప్పిన సంగతి ఇది. ఈ పరీక్ష నేర్పేటప్పుడు వాళ్ళ ప్రొఫెసరు ముందుగా చూసేది వేళ్ళు ఎక్కడ పెట్టారని కాదట, ఏ కాలు ముందు పట్టుకున్నారని. నొప్పి ఉన్న కాలు ముందు పట్టుకుంటే మార్కులు పోయినట్టే. ముందు బాగున్న మోకాలు మడవాలి, తిప్పాలి, చాపాలి. ఆ మనిషి మోకాలు మామూలుగా ఎంత వంగుతుందో, ఎంత టక్కుమంటుందో తెలిశాకే రెండో కాలి దగ్గరికి రావాలి.